ఉద్యోగం చేస్తూ బ్యాంకు పరీక్షలు: నిద్ర అమ్ముకొని చదవవద్దు



కొంతకాలంగా మన ఔట్ పేషెంటు విభాగానికి ఒక రకం రోగులు తరచుగా వస్తున్నారు. వయస్సు 25 నుండి 50 సంవత్సరాల లోపు. జ్వరం ఉండదు, దెబ్బ ఉండదు. తలనొప్పి, కళ్ళ మంట, మెడ పట్టేయడం, కడుపులో మంట, గుండె దడ, ఎప్పుడూ నీరసం అని చెప్తారు. ఉద్యోగం ఏమిటని అడిగితే బ్యాంకు అంటారు. ఇంకేమైనా పని చేస్తున్నారా అని అడిగితే అప్పుడు మెల్లగా బయటపెడతారు: "పరీక్షలకు చదువుతున్నామండీ."

ఉద్యోగం, ఇల్లు, చదువు ఈ మూడూ ఒకేసారి మోసేవారంటే మాకు గౌరవం. మేము కూడా నైట్ డ్యూటీలు చేస్తూ పై చదువుల పరీక్షలు వ్రాసినవారితో కలిసి పని చేస్తున్నాము. అందుకే "చదవవద్దు" అని చెప్పడం లేదు. చదువుకు కావలసిన గంటలు ఎక్కడి నుండి తీసుకోవాలి, ఎక్కడి నుండి తీసుకోకూడదు అన్నదే ఈ వ్యాసంలో చెప్తాము.

ఈ పరీక్షలు ఏమిటి?

ఇంట్లోవారికి ఈ పేర్లు తెలియకపోవచ్చు కనుక ముందు వాటిని గూర్చి కొంచెం చెప్తాము. బ్యాంకు ఉద్యోగం వచ్చాక పరీక్షలు అయిపోయాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అప్పుడే మరొక వరుస మొదలవుతుంది.

మొదటిది జె.ఎ.ఐ.ఐ.బి. దీనిని ముంబయిలోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్యాంకింగ్ అండ్ ఫైనాన్స్ జరుపుతుంది. ఇది 1928లో పుట్టిన సంస్థ. 2023 నుండి ఈ పరీక్షలో 4 పేపర్లు ఉన్నాయి: దేశ ఆర్థిక వ్యవస్థ, బ్యాంకింగ్ సూత్రాలు, బ్యాంకు అకౌంట్లు, రిటైల్ బ్యాంకింగ్. ఒక్కొక్క పేపరులో 100 ప్రశ్నలు, 2 గంటల సమయం. అంటే ఒక ప్రశ్నకు 72 సెకన్లు. తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఇది ప్యాసైన వారు తరువాత సి.ఎ.ఐ.ఐ.బి. వ్రాయవచ్చు. అందులో 4 తప్పనిసరి పేపర్లు, ఎంచుకున్నది ఒకటి, మొత్తం 5. ఇవి ప్యాసైతే జీతంలో ప్రత్యేక ఇంక్రిమెంట్లు కలుస్తాయి, ప్రమోషనుకు కూడా ఉపయోగపడతాయి.

ఇవి గాక, మ్యూచువల్ ఫండ్లు అమ్మాలంటే ఎన్.ఐ.ఎస్.ఎం. సర్టిఫికెట్ కావాలి. 2006లో సెబీ స్థాపించిన సంస్థ ఈ పరీక్ష పెడుతుంది. సర్టిఫికెట్ 3 సంవత్సరాలే చెల్లుతుంది, ఆ తరువాత మళ్ళీ పునరుద్ధరించుకోవాలి. బ్యాంకులో ఇన్సూరెన్సు పాలసీలు అమ్మే సిబ్బందికి ఇంకొక పరీక్ష ఉంది. హైదరాబాదు, బెంగుళూరు ఫైనాన్సు కంపెనీలలో పనిచేసే మన పిల్లలు కొందరు సి.ఎఫ్.ఎ. వ్రాస్తున్నారు. అందులో 3 దశలు. ఒక్కొక్క దశకు సుమారు 300 గంటలు చదవాలని ఆ పరీక్ష జరిపే సంస్థే చెప్తుంది.

ఈ పరీక్షలలో ఏది తీసుకున్నా, ఒక్కటిగా చూస్తే మోయగల బరువే. రెండు మూడు ఒకే సీజనులో తలకెత్తుకున్నప్పుడు మనిషి కూలబడిపోతున్నాడు.

ఒక తల్లి కథ

ఈ సంగతి ఆమె అనుమతితోనే వ్రాస్తున్నాము. పేరు, ఊరు చెప్పడం లేదు.

ఆమె వయస్సు 34. ఇద్దరు పిల్లలు. దగ్గరలో ఉన్న ఒక బ్రాంచిలో క్యాష్ కౌంటరులో పని. ఒక ఉదయం బస్సు స్టాండులో కళ్ళు తిరిగి పడిపోతే ఎవరో ఆటోలో ఎక్కించి మన ఎమర్జెన్సీకి తీసుకొని వచ్చారు. బి.పి. తక్కువగా ఉంది, పెదవులు పాలిపోయి ఉన్నాయి.

"ఏమ్మా, రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు?" అని మేము అడిగాము.

"ఒకటిన్నరకు, సిస్టరమ్మా."

"లేచింది?"

"అయిదుకు. పిల్లల టిఫిన్ బాక్సులు కట్టాలి కదా."

అలా ఎన్నాళ్ళుగా అంటే, రెండు నెలలు దాటిందని చెప్పింది. ఆ సీజనులోనే జె.ఎ.ఐ.ఐ.బి. నాలుగు పేపర్లు, మ్యూచువల్ ఫండ్ పరీక్ష, ఇన్సూరెన్సు పరీక్ష, మూడూ పెట్టుకుంది. పై అధికారులు త్వరగా ముగించమన్నారట. ఆమె కూడా "పిల్లలు పెద్ద క్లాసులకు రాకముందే అన్నీ అయిపోవాలి" అనుకుంది. ఉదయం టిఫిను మానివేసి టీ త్రాగి బస్సు ఎక్కేది. అంతకు ముందు వారమే సాయంత్రం క్యాష్ లెక్క చూస్తే 5,000 రూపాయలు తక్కువ వచ్చాయి. ఎవరికి ఎక్కువ ఇచ్చిందో గుర్తు రాలేదు. ఆ సొమ్ము తన చేతి నుండే కట్టుకుంది. ఈ మాట చెప్పేటప్పుడే ఆమె ఏడ్చింది, పడిపోయినందుకు కాదు.

రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 8.2 వచ్చింది. ఆడవారికి 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనత అంటాము. ఆమె నెలల తరబడి "చదువు అలసట" అనుకున్నదానిలో సగం రక్తహీనతే. ఇంకొక సంగతి కూడా బయటపడింది. రెండవ కాన్పు తరువాత ఇచ్చిన ఐరన్ మాత్రలు ఆమె మధ్య మధ్య వేసుకుంటూనే ఉంది, కాని ఉదయం టీతో వేసుకుంటోంది. టీ ఐరన్‌ను ఒంటికి పట్టనివ్వదు. మాత్ర వేసుకున్నా వృథాయే.

పాఠకులారా, ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. చదివేవారికి అలసట సహజమే. కాని రెండు మూడు వారాలు దాటిన అలసటకు కారణం చదువేనని మీరే తేల్చుకోవద్దు. రక్తహీనత, థైరాయిడ్, షుగర్ ఇవన్నీ "అలసట" అనే ముసుగు వేసుకొనే వస్తాయి. చిన్న రక్త పరీక్షతో తెలిసిపోతుంది.

నిద్ర మానితే చదువు ఎందుకు నిలవదు?

పెద్దవారికి రోజుకు 7 గంటలు, అంతకంటే కొంచెం ఎక్కువ నిద్ర అవసరం. నిద్రపోయే సమయాన్ని వృథా అనుకోవడం పొరపాటు. పగలు చదివిన సంగతిని మెదడు గట్టిపరచి దాచుకొనేది చాలావరకు నిద్రలోనే. రాత్రి ఒంటిగంట వరకు చదివి 4 గంటలు పడుకున్నవారు ధాన్యాన్ని కోసి కుప్ప వేయకుండా చేలో వదిలివేసినట్టే. శ్రమ పడ్డారు, పంట ఇంటికి రాలేదు.

ఆస్ట్రేలియాలో జరిగిన ఒక పరిశోధన 2000వ సంవత్సరంలో ప్రచురితమైంది. 17 గంటలకు పైగా మేలుకొని ఉన్న మనిషి చురుకుదనం, 100 మి.లీ. రక్తంలో 50 మి.గ్రా. ఆల్కహాల్ ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా తగ్గిందని అందులో తేలింది. మన దేశంలో బండి నడిపేవారికి చట్టం విధించిన పరిమితి 30 మి.గ్రా. మాత్రమే. ఉదయం 5 గంటలకు లేచినవారికి రాత్రి 10 గంటలకు 17 గంటలు నిండుతాయి. ఆ తరువాత తెరిచిన పుస్తకం ఎంత తలకెక్కుతుందో మీరే ఆలోచించండి. ఆ తలతోనే మరునాడు నోట్లు లెక్కించాలి, స్కూటరు నడపాలి.

ఆ తల్లికి 5,000 రూపాయలు అలా పోయాయి. మా వృత్తిలో అయితే నిద్రలేని చేతిలో ఉన్నది మందు. అందుకే మా సిస్టర్లలో ఎవరైనా పరీక్షకు చదువుతున్నారని తెలిస్తే డ్యూటీ చార్టు వేసేటప్పుడే మేము వారిని అడిగి వేస్తాము.

ఒకేసారి ఒకటే

ఆమె కొంచెం తేరుకొన్నాక భర్తను కూడా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాము. మేము చెప్పిన మొదటి మాట: మూడు పరీక్షలలో ఈ సీజనుకు ఒకటే ఉంచుకోండి. జె.ఎ.ఐ.ఐ.బి. ఏడాదికి 2 సార్లు జరుగుతుంది. 50 మార్కులతో ప్యాసైన పేపరు నిర్ణీత గడువు లోపల మళ్ళీ వ్రాయనవసరం లేదు. ఒకే విడతలో ప్రతి పేపరులోను కనీసం 45 వచ్చి మొత్తం మీద సగటు 50 శాతం ఉన్నా ప్యాసే. అంటే ఈ పరీక్షను విడతలుగా దాటవచ్చు. మ్యూచువల్ ఫండ్ సర్టిఫికెట్ 3 ఏళ్ళకే మురిగిపోతుంది కనుక, దానిని అమ్మే పని చేతికి వచ్చినప్పుడు తీసుకోవడమే మేలు. నియమాలు అప్పుడప్పుడు మారుతుంటాయి కాబట్టి ఫీజు కట్టేముందు ఆ ఏటి ప్రకటన ఒకసారి చదువుకోండి.

ఆమె మేనేజరు గారితో మాట్లాడితే మిగిలిన రెండు పరీక్షలు తరువాతికి వాయిదా వేయడానికి ఆయన ఒప్పుకున్నారు. అడగకముందు మూడు నెలలు భయపడింది, అడగడానికి మూడు నిమిషాలు పట్టింది.

గంటల లెక్క

రెండవ మాట, చదివే గంటలను నిద్రలో నుండి కాకుండా ఇంటి పనిలో నుండి తీయాలి. ఇది ఇంటివారి సహాయం లేకుండా జరగదు. ఆ ఇంట్లో ఇలా ఏర్పాటు చేసుకున్నారు. రాత్రి 9-45కు అందరూ పడుకుంటారు. ఆమె 4-45కు లేచి ఒక గంట చదువుతుంది. టిఫిన్ బాక్సులు భర్త కడతారు. రాత్రి పిల్లల హోంవర్కు వారి నాయనమ్మ దగ్గర. ఆదివారం మధ్యాహ్నం మరొక 2 గంటలు.

వారంలో 6 ఉదయాలు, 6 గంటలు. ఆదివారం 2 గంటలు. మొత్తం 8 గంటలు. 16 వారాలకు 128 గంటలు. 4 పేపర్లకు పంచితే ఒక్కొక్క దానికి 32 గంటలు. 2015 సెప్టెంబరు నుండి బ్యాంకులకు రెండవ, నాల్గవ శనివారాలు సెలవు. వాటిలో ఒక రోజు ఉదయం మాదిరి పరీక్షకు, ఒక రోజు పూర్తి విశ్రాంతికి పెట్టుకోమన్నాము. మార్చి నెలాఖరులో బ్యాంకులో ఊపిరి ఆడదు కనుక ఆ రెండు వారాలు చదువు లెక్కలో వేసుకోవద్దు అన్నాము.

ఎలా చదివితే నిలుస్తుంది?

గంటలు తక్కువైనప్పుడు చదివే పద్ధతి మారాలి. చదివినది ఎంత త్వరగా మరచిపోతామో జర్మనీకి చెందిన ఎబ్బింగ్‌హౌస్ 1885లోనే తన మీద తానే ప్రయోగాలు చేసుకొని చూపించారు. మరచిపోకముందే కొన్ని రోజుల ఎడంతో మళ్ళీ తిరగవేస్తే నిలుస్తుంది. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో మరొక సంగతి చూపించారు. ఒకే పాఠాన్ని మళ్ళీ మళ్ళీ చదివిన విద్యార్థుల కంటే, ఒకసారి చదివి పుస్తకం మూసి గుర్తు తెచ్చుకొని వ్రాసినవారికి వారం తరువాత ఎక్కువ జ్ఞాపకం ఉంది.

కనుక,

1. 25 నిమిషాలు చదవండి, పుస్తకం మూయండి, 5 నిమిషాలు గుర్తున్నది కాగితం మీద వ్రాయండి.

2. ఈ రోజు చదివినది రేపు ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి తిరగవేయండి.

3. బస్సులో కొత్త పాఠం వద్దు. పాత ప్రశ్నలు మనసులో వేసుకోండి. స్కూటరు మీద మాత్రం ఏ పాఠమూ వద్దు, చెవిలో ఫోను పెట్టుకొని వినడం కూడా వద్దు.

4. లెక్కల పేపరు తెల్లవారుజామున, చదివి గుర్తుంచుకొనేవి ఇతర సమయాలలో పెట్టుకోండి.

తిండి, టీ, కళ్ళు, మెడ

టీ, కాఫీలలోని కెఫీన్ సగం తగ్గడానికే సుమారు 5 గంటలు పడుతుంది. రాత్రి 9 గంటలకు త్రాగిన టీ తెల్లవారుజామున 2 గంటలకు కూడా ఒంట్లో సగం ఉంటుంది. మధ్యాహ్నం 3 దాటిన తరువాత మానివేయండి. నిద్ర వచ్చినప్పుడు దానిని టీతో తరమడం కాదు, వెళ్ళి పడుకోవడమే మందు.

ఉదయం ఏదో ఒకటి తినకుండా ఇల్లు కదలవద్దు. ఇడ్లీ, ఉప్మా, రాత్రి చద్దన్నం పెరుగుతో, ఏదైనా మంచిదే. రక్తం తక్కువ ఉన్నవారు తోటకూర, మునగాకు, రాగులు, వేరుశనగ ఉండ, తినేవారైతే మాంసం, చేప తీసుకోండి. ఐరన్ మాత్రను టీ, కాఫీ, పాలతో వేసుకోవద్దు. వాటికి రెండు గంటల ఎడం ఉంచి, నిమ్మరసంతోగాని జామపండుతోగాని వేసుకుంటే ఒంటికి బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడవద్దు.

పగలంతా కంప్యూటరు, రాత్రి మళ్ళీ ఫోనులో పాఠాలు అంటే కళ్ళు ఎండిపోతాయి. 20 నిమిషాలకు ఒకసారి 20 అడుగుల దూరంలో ఉన్నదానిని 20 సెకన్లు చూడండి. రెప్పలు వేయడం మరువవద్దు. 40 దాటినవారు దగ్గరచూపు పరీక్ష చేయించుకోండి, కొన్ని తలనొప్పులు కళ్ళజోడుతోనే పోతాయి. మంచం మీద వాలి చదవవద్దు. కుర్చీ, బల్ల, పుస్తకం కంటికి ఎదురుగా ఉండాలి. అరగంటకు ఒకసారి లేచి నాలుగు అడుగులు నడవండి.

షుగర్, బి.పి. ఉన్నవారికి

ప్రమోషను కోసం 45, 50 ఏళ్ళ వయస్సులో చదివేవారు ఉన్నారు. వీరిలో చాలామంది మాత్రలు వాడేవారే. ఒక ఆఫీసరు గారు షుగర్ మాత్ర వేసుకొని, "ఈ చాప్టరు ముగించి తింటాను" అని భోజనం ప్రక్కన పెట్టారు. గంట తరువాత ఇంటివారు చూస్తే చెమటలు, వణుకు, మాట తడబాటు. అది షుగర్ పడిపోవడం. 70 కంటే తగ్గితే ప్రమాదమే. వెంటనే 3 చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించి, 15 నిమిషాలు చూసి, తగ్గకపోతే మళ్ళీ ఇవ్వాలి. స్పృహ లేనివారి నోటిలో ఏమీ పోయవద్దు, వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

పరీక్ష రోజున మాత్ర, టిఫిను రెండూ మామూలు వేళకే. హాలులోకి ఏమి తీసుకుపోనిస్తారో ముందే కనుక్కోండి. "నాకు షుగర్ ఉంది" అని పరీక్ష జరిపేవారికి చెప్పి, గ్లూకోజు అందుబాటులో ఉంచుకోండి. ముందు రాత్రి కొత్త పాఠం తెరవవద్దు. 7 గంటలు పడుకొని వెళ్ళినవారికి ప్రశ్న చదవగానే అర్థమవుతుంది. 72 సెకన్లలో అదే పెద్ద లాభం.

ఇంటివారికి ఒక మాట

ఇంట్లో ఒకరు పరీక్షకు చదువుతుంటే అది ఇల్లంతటి పని. భర్త చదివితే ఇల్లంతా నిశ్శబ్దం పాటిస్తుంది. భార్య చదివితే వంట ముగించి చదువుకోమంటాము. ఇది సరి కాదు. ఒక కూర, ఒక బాక్సు, ఒక హోంవర్కు పంచుకోండి. "పక్కింటివారి అబ్బాయికి ఒకేసారి వచ్చిందట" అనే మాట భోజనాల దగ్గర అనవద్దు.

ఈ క్రింది లక్షణాలు కనిపిస్తే ఆలస్యం చేయవద్దు: పుస్తకం మూసినా నిద్ర పట్టకపోవడం, గుండె నొప్పి లేక ఆయాసం, కారణం లేకుండా ఏడవడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం, "నేను బ్రతికి ఏం లాభం" అనే మాటలు. చివరి మాటను ఎప్పుడూ తేలికగా తీసుకోవద్దు. వారిని ఒంటరిగా విడువక ఆసుపత్రికి తీసుకురండి. ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ 14416 నంబరుకు పగలైనా రాత్రైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, ఖర్చు లేదు.

తరువాత ఏమైంది?

ఆ తల్లి నాలుగు నెలల తరువాత రక్త పరీక్షకు వచ్చింది. హిమోగ్లోబిన్ 12.1. పరీక్ష ఫలితాలు కూడా తెచ్చి చూపించింది: 58, 52, 47, 43. మొత్తం సగటు సరిగ్గా 50. కాని ఒక పేపరులో 45కు 2 మార్కులు తగ్గాయి. ఆ రెండు మార్కులు వచ్చి ఉంటే నాలుగూ ఒకేసారి అయిపోయేవి.

"రాత్రిళ్ళు కూడా చదివి ఉంటే వచ్చేవేమో సిస్టరమ్మా" అంది.

మేము ఆమెను బుజ్జగించలేదు. "ఆ రెండు నెలలు రాత్రిళ్ళు చదివావు కదమ్మా, అప్పటి పాఠాలలో ఏమి గుర్తుంది?" అని మాత్రం అడిగాము. ఆమె కొంచెంసేపు ఆలోచించి నవ్వింది.

తరువాతి విడతలో మిగిలిన రెండు పేపర్లు ప్యాసైంది. ఆ పిమ్మట మ్యూచువల్ ఫండ్ పరీక్ష, ఆ తరువాత ఇన్సూరెన్సు. ఒక సీజనులో ముగించాలనుకున్నది ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో క్యాష్ ఒక్కసారి కూడా తక్కువ రాలేదని, టిఫిన్ బాక్సులు ఇప్పటికీ భర్తే కడుతున్నారని చెప్పింది.

మీ ఇంట్లో కూడా ఎవరైనా అర్ధరాత్రి దీపం పెట్టుకొని చదువుతుంటే, ఈ రాత్రి వారి పుస్తకం మీరే మూసి, పడుకోమని చెప్పండి. ఉదయం ఒక గంట ఖాళీ చేసి ఇవ్వండి.

మీ ఆరోగ్యం కోరే,
నర్సింగ్ సూపరింటెండెంట్